కుట్టు నిలిచిన చరిత్ర: మూత్రాశయ రంధ్ర చికిత్సలో శస్త్రవైద్యులు నేర్చిన పాఠములు

శస్త్రవైద్య చరిత్రను వ్రాయువారు సాధారణముగా గుండెకును మెదడుకును జరిగిన చికిత్సలను ఘనముగా వర్ణింతురు. దేశదేశముల స్త్రీలు వేల సంవత్సరములుగా ఎవ్వరికిని చెప్పుకొనలేక అనుభవించిన ఒక వ్యాధికిని, దానిని మాన్పుటకు జరిగిన దీర్ఘమైన కృషికిని ఆ గ్రంథములలో దొరకిన చోటు స్వల్పము. కాన్పు కష్టమై, మూత్రాశయమునకును యోనిమార్గమునకును నడుమనున్న గోడ చిల్లుపడి, మూత్రము రేయింబవళ్లు ఆగక కారుచుండుటయే ఆ వ్యాధి. పాశ్చాత్య వైద్యులు దీనిని ఫిస్టులా యందురు.

శిశువు తల తల్లి కటి ఎముకల నడుమ ఇరుకుకొని రెండు మూడు దినములు కదలక నిలిచినచో, ఆ తలకును ముందరి ఎముకకును నడుమ చిక్కిన మూత్రాశయపు గోడ నలిగి, రక్తప్రసారము లేక మృతమగును. శిశువు చాలవరకు చనిపోయియే పుట్టును. కాన్పైన కొన్ని దినములకు ఆ చచ్చిన కండ ఊడిపోగా రంధ్రమేర్పడును. అటుపిమ్మట ఆరని చీర, పోని దుర్గంధము, పుండ్లుపడిన తొడలు. బిడ్డను పోగొట్టుకొన్న దుఃఖము తీరకముందే అత్తవారింటి నుండి పుట్టింటికిని, పుట్టింటిలో వసారాకును, అక్కడనుండి పశువుల కొట్టమునకును చేరిన స్త్రీలు పెక్కు దేశములలో నుండిరి.

ఈ రంధ్రమును పూడ్చుట చూచుటకు చిన్నపని. చిల్లుపడిన తిత్తికి మాటు వేయుటవంటిదని తోచును. కాని వేసిన కుట్టు పది దినములు తిరుగకమునుపే విడిపోవుచుండెను. ఇందుకు కారణములు మూడు. మూత్రము కుట్టును నిరంతరము తడుపుచుండును. మచ్చపడి బిగిసిన అంచులను లాగి కుట్టినచో అవి తిరిగి ఎడమగుటకు యత్నించును. నలిగిన కండలో రక్తము చాలదు గనుక గాయము అతుకుకొనదు. ఈ మూడు చిక్కులను గుర్తించి వానిని తప్పించు ఉపాయములను ఒక్కొక్కటిగా కనుగొనుటయే ఈ చికిత్సా చరిత్ర యంతయును. ప్రతి ఉపాయము వెనుకను విఫలమైన శస్త్రచికిత్సలు పెక్కు కలవు. ఆ వైఫల్యముల బాధను భరించినవారు రోగులు.

ప్రాచీనుల హెచ్చరిక

ఈ వ్యాధి ఎంత ప్రాచీనమో తెలుపు సాక్ష్యము ఈజిప్టుదేశమున లభించినది. క్రీ. పూ. 2050 ప్రాంతమున జీవించిన హెన్‌హెనిత్ అను రాజాంతఃపుర స్త్రీ దేహము మమ్మీగా నిలిచియున్నది. డెర్రీ అను శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించి, ఆమె కటి ఇరుకైనదనియు, మూత్రాశయమునకును యోనికిని నడుమ పెద్ద రంధ్రము కలదనియు 1935లో ప్రకటించెను. రాజగృహమున నున్న స్త్రీకిని ఈ బాధ తప్పలేదు.

భారతదేశమున సుశ్రుత సంహిత ఈ విషయమున చేసిన హెచ్చరిక మిక్కిలి గమనింపదగినది. మూత్రాశయములోని రాతిని కోసి తీయు విధానమును వివరించు సందర్భమున, కత్తి తగులకుండ కాపాడవలసిన ఎనిమిది స్థానములను ఆ గ్రంథము పేర్కొని, ఏ స్థానము తెగినచో ఏ హాని కలుగునో కూడ చెప్పినది. స్త్రీల విషయమున ప్రత్యేకమైన జాగ్రత్త కలదు. వారికి గర్భాశయము మూత్రాశయమునకు ప్రక్కనే యుండును గనుక శస్త్రమును పైవైపునకు నడుపవలెననియు, అట్లు చేయనిచో మూత్రము స్రవించు వ్రణము కలుగుననియు సుశ్రుతుని మతము. శస్త్రవైద్యుని చేతివలననే ఫిస్టులా కలుగవచ్చునని ఇంత స్పష్టముగా చెప్పిన ప్రాచీన గ్రంథములు అరుదు. చికిత్స చేయకున్న మరణము నిశ్చయము, చేసినను ఫలము సంశయాస్పదము గనుక, ముందుగా ప్రభువు అనుజ్ఞను పొందియే వైద్యుడు శస్త్రమును పట్టవలెనని కూడ అచ్చటనే విధింపబడినది.

మూత్రమార్గము ఇరుకైనప్పుడు నేతితో తడిపిన ఇనుప గొట్టమునుగాని, కొయ్య గొట్టమునుగాని, లక్క గొట్టమునుగాని చొప్పించి, మూడు దినములకొకమారు మరికొంత లావైన దానిని వాడుచు మార్గమును క్రమముగా వెడల్పు చేయు పద్ధతియు సుశ్రుత సంహితలో కలదు. గాయము మానుటయే చాలదు, మానిన మార్గము తిరిగి మూసికొనకుండ కాపాడవలెనను జ్ఞానము ఆనాటికే యుండెనని దీనివలన తెలియుచున్నది.

మాంట్‌గోమరీలోని స్త్రీలు

ఐరోపాలో ఈ రంధ్రమును కుట్టు విధానమును క్రమముగా వివరించినవాడు ఆంస్టర్‌డాము వైద్యుడైన హెండ్రిక్ వాన్ రూన్‌హైజ్. రోగిని తగిన భంగిమలో పరుండబెట్టి, రంధ్రము కనబడునట్లు పరికరముతో తెరచి, అంచులను చెక్కి పచ్చిగాయముగా చేసి, హంస ఈకల కాడలతో చేసిన సూదులను గ్రుచ్చి బిగింపవలెనని 1663లో ఆయన వ్రాసెను. ఎండిన అంచులు అతుకుకొనవు, పచ్చి అంచులే అతుకుకొనునను సూత్రము ఇందు కలదు. అటుతరువాత రెండు శతాబ్దములపాటు ఎందరో ప్రయత్నించిరి. జయము అరుదు. పారిస్ నగరమున జోబెర్ ద లాంబాల్ అను శస్త్రవైద్యుడు, కుట్టునకు ఇరుప్రక్కల యోని గోడను కొంత గంటువేసి సడలించినచో అంచులు లాగబడక నిలుచునని గ్రహించి, 1852లో ప్రకటించిన గ్రంథమున ఆ పద్ధతిని వివరించెను. అమెరికాలో వర్జీనియా వైద్యుడు మెట్టౌర్ సీసపు తీగతో 1838లో ఒక రంధ్రమును మూసెను.

ఈ చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన పేరు జేమ్స్ మేరియన్ సిమ్స్. అలబామా రాష్ట్రమున మాంట్‌గోమరీ పట్టణమున తన యింటి వెనుకనున్న చిన్న ఆసుపత్రిలో 1845 నుండి 1849 వరకు ఆయన ఈ శస్త్రచికిత్సను మరల మరల చేసెను. చేయించుకొన్నవారు నీగ్రో బానిస స్త్రీలు. వారి యజమానులు అనుమతించిరి. ఆ స్త్రీల అనుమతి లేకున్నను పని జరుగు కాలమది. వారిలో అనార్కా, బెట్సీ, లూసీ అను ముగ్గురి పేర్లు మాత్రమే సిమ్స్ స్వీయచరిత్ర వలన నిలిచినవి. ఈథరు మత్తుమందు 1846లో వెలుగులోనికి వచ్చినను, ఈ స్త్రీలకు అది ఈయబడలేదు.

సిమ్స్ వైఫల్యములను పరిశీలించినచో పైని చెప్పిన మూడు చిక్కులును కనబడును. లూసీకి శస్త్రచికిత్స చేసినపిదప మూత్రము బయటికి పోవుటకై ఆయన మూత్రమార్గమున స్పంజి ముక్కను ఉంచెను. అది కొన్ని దినములకు రాతివలె గట్టిపడి, వాపు పుట్టించి, రక్తము విషమై, ఆమెను మృత్యుముఖమునకు చేర్చినది. ఆమె కోలుకొనుటకు నెలలు పట్టెను. ఆ అనుభవము వలన ఆయన స్పంజిని విడిచి, తానుగా జారిపోకుండ నిలుచు వంపుగల గొట్టమును కల్పించెను. పట్టుదారము గాయమున చీము పుట్టించుచున్నదని గమనించి, దానికి బదులు సన్నని వెండి తీగను వాడి, తీగ కొనలను సీసపు గుండ్లతో బిగించెను. అనార్కాకు ముప్పదవ మారు చేసిన శస్త్రచికిత్సలో 1849లో కుట్టు నిలిచినది. 1852లో సిమ్స్ వ్యాసమును ప్రకటించెను. 1855లో న్యూయార్కు నగరమున ఆయన ప్రోత్సాహముతో స్త్రీల ఆసుపత్రి వెలసినది.

సిమ్స్ నేర్పు నిజము. అది ఎవరి దేహములపై నేర్చినదో అదియును నిజమే. చిరకాలము మొదటి మాటయే చెప్పబడినది. న్యూయార్కు సెంట్రల్ పార్కునొద్దనున్న సిమ్స్ విగ్రహము 2018 ఏప్రిలులో తొలగింపబడినది. మాంట్‌గోమరీలో 2021లో అనార్కా, బెట్సీ, లూసీల విగ్రహములు నెలకొల్పబడినవి. ఈ చికిత్సవలన మేలు పొందిన ప్రతి దేశమును ఆ ముగ్గురికి ఋణపడియున్నది.

పొరలను వేరుచేయుట, రక్తమును తెచ్చుట

సిమ్స్ తరువాతి శస్త్రవైద్యులు రెండు విషయములపై దృష్టిని నిలిపిరి. మొదటిది పొరలను వేరుచేయుట. మూత్రాశయపు గోడను, యోని గోడను కలిపి ఒక్క కుట్టుగా వేయుట పూర్వపు పద్ధతి. జర్మనీలో మెకెన్‌రోట్ 1894లో ఈ రెండు గోడలను ఒకదానినుండి ఒకటి బాగుగా విడదీసి, దేనికి దానిని వేరుగా కుట్టవలెనని బోధించెను. విడదీసిన పొర లాగుడు లేక దగ్గరకు వచ్చును. ఒక పొర కుట్టు రెండవ పొర కుట్టునకు ఎదురుగా పడకున్నచో, ఒకచోట లీకు కలిగినను రెండవచోట ఆగును. ఎత్తుననున్న రంధ్రములు క్రిందినుండి చేతికి అందవు. అట్టివానిని ఉదరమును తెరచి, మూత్రాశయమును కోసి లోపలినుండి మూయు మార్గమును ట్రెండెలెన్‌బుర్గ్ 1890లో ప్రకటించెను. రోగి తల పల్లమునను నడుము మిట్టయందును ఉండునట్లు పరుండబెట్టు ఆయన పద్ధతి శస్త్రవైద్యమంతటను వ్యాపించినది.

రెండవది రక్తప్రసారము. పొరలను ఎంత నేర్పుగా కుట్టినను, రక్తము లేని కండ మానదు. జర్మనీ వైద్యుడు హైన్‌రిష్ మార్టియుస్ 1928లో దీనికొక ఉపాయమును చెప్పెను. యోని ద్వారమునకు ప్రక్కనున్న కొవ్వు కండను, దాని రక్తనాళములు తెగకుండ ఒకవైపు అంటిపెట్టియుంచి, చర్మము క్రిందుగా త్రిప్పితెచ్చి, రెండు కుట్లకు నడుమ మెత్తవలె పరచుటయే ఆ ఉపాయము. ఆ మెత్త రెండు కుట్లను ఒకదానినుండి ఒకటి వేరుగా నుంచును, తన రక్తమును గాయమునకు అందించును. ఉదరమార్గమున చేయు చికిత్సలో ప్రేగులపై తెరవలె వ్రేలాడు కొవ్వుపొరను క్రిందికి దించి ఇట్లే వాడవచ్చునని రుమేనియా వైద్యుడు కిరికుత్స 1950వ దశకమున చూపెను. లండనులో టర్నర్-వార్విక్ 1967లో ఈ పొరను మూత్రమార్గముల పునర్నిర్మాణమునకెల్ల వాడదగునని ప్రకటించెను.

ఈ విద్యకు ఆసియా ఆఫ్రికా ఖండముల వైద్యులును దోహదము చేసిరి. కైరో నగరమున నగీబ్ మహ్‌ఫూజ్ అను ప్రసూతి వైద్యుడు ఎందరో నిరుపేద స్త్రీలకు ఫిస్టులా చికిత్స చేసి ప్రఖ్యాతి పొందెను. 1911లో కష్టమైన కాన్పులో ఆయన చేతిమీదుగా పుట్టిన శిశువునకు తల్లిదండ్రులు ఆయన పేరే పెట్టిరి. ఆ శిశువే 1988లో నోబెల్ బహుమానమును పొందిన నవలాకారుడు నగీబ్ మహ్‌ఫూజ్.

రంధ్రము ఎచ్చట నున్నదో సరిగా తెలియకుండ కుట్టుట మరియొక వైఫల్య కారణము. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు ఛాసర్ మోయిర్ ఇందుకు సులభమైన పరీక్షను ప్రచారమునకు తెచ్చెను. యోనిలో మూడు దూది ఉండలను వరుసగా ఉంచి, మూత్రాశయమున రంగునీటిని నింపవలెను. నడిమి ఉండకు రంగు అంటినచో రంధ్రము మూత్రాశయమున కలదు. పై ఉండ తడిసియు రంగు అంటనిచో, మూత్రపిండమునుండి వచ్చు నాళమే తెగినదని గ్రహింపవలెను.

మూయుటకు వీలుకాని రంధ్రములు కొన్ని యుండును. అట్టి యెడల మూత్రమును వేరొక దారిని మళ్లించుట తప్పదు. మూత్రాశయము పుట్టుకతోనే తెరచుకొనియున్న ఒక బాలునికి లండనులో జాన్ సైమన్ 1851లో మూత్రనాళములను పెద్దప్రేగున కలిపెను. రోగి సుమారొక సంవత్సరమునకు మరణించెను. ప్రేగులోని మలిన సూక్ష్మజీవులు నాళముల వెంట పైకెక్కి మూత్రపిండములను చెరచుట, ప్రేగు మూత్రములోని లవణములను తిరిగి పీల్చుకొని రక్తమున ఆమ్లతను పెంచుట ఈ మార్గములోని అపాయములు. నాళమును ప్రేగు గోడలో కొంతదూరము సొరంగమువలె నడిపి తెరచినచో మూత్రము వెనుకకు పోదని కాఫీ 1911లో చూపెను. చిన్నప్రేగునుండి ఒక ముక్కను వేరుచేసి, దాని ద్వారా మూత్రమును ఉదరముపై సంచిలోనికి పంపు పద్ధతిని బ్రిక్కర్ 1950లో ప్రకటించిన పిదప ఈ అపాయములు చాలవరకు తగ్గినవి.

సూక్ష్మజీవుల బాధను తగ్గించుటలో ఒక తెలుగువాని కృషియు స్మరణీయము. భీమవరమున జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకత్వము వహించిన ఎల్లాప్రగడ సుబ్బారావు పర్యవేక్షణలోనే ఆరియోమైసిన్ అను ఔషధము డగ్గర్ చేత కనుగొనబడి 1948లో లోకమునకు తెలిసినది. ఆ జాతి ఔషధములు లేకున్నచో కుట్టు నిలిచియు రోగి దక్కని సందర్భములు ఇంకను పెక్కు యుండెడివి.

మద్రాసు నుండి ఆడిస్ అబాబా వరకు

కుట్టు విద్య ఎంత పెరిగినను, కాన్పు నాడే శిశువును సకాలమున బయటికి తీసినచో ఆ కుట్టుతోనే పనిలేదు. ఈ దృష్టితో చూచినచో ప్రసూతి ఆసుపత్రుల చరిత్రయు ఈ చరిత్రలో భాగమే. మద్రాసు ఎగ్మూరులోని స్త్రీల ఆసుపత్రి 1844లో ప్రారంభమైనది. మద్రాసు వైద్య కళాశాల 1875లో స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొన్నది. పరపురుషుని ఎదుట దేహమును చూపజాలక మరణమునైనను అంగీకరించు స్త్రీలు గల దేశమున స్త్రీ వైద్యులు ఏర్పడుట సామాన్య విషయము కాదు. గుంటూరున అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రిని తెరచెను. వేలూరున ఐడా స్కడర్ 1900లో ప్రారంభించిన వైద్యసేవ, 1918లో స్త్రీల వైద్య పాఠశాలగా పెరిగినది. చిత్తూరు ప్రాంతపు తెలుగువారికి వేలూరు నేటికిని దగ్గరి ఆశ్రయము.

విశాఖపట్టణమున 1923లో వైద్య కళాశాల ఏర్పడువరకు గంజాము మొదలు బళ్లారి వరకుగల రాజధాని జిల్లాల తెలుగు యువకులు వైద్య పట్టమునకై మద్రాసుకే పోవలసియుండెను. అచ్చట బోధించినవారిలో ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియారు ప్రముఖుడు. 1887లో కర్నూలున జన్మించిన ఈయన 1939లో ఆ కళాశాలకు ప్రథమ భారతీయాధ్యక్షుడయ్యెను. ఈయన 1938లో ప్రకటించిన ప్రసూతిశాస్త్ర గ్రంథము తరతరముల విద్యార్థులకు పాఠ్యమైనది. కష్టకాన్పును ముందుగా గుర్తించు విద్య జిల్లాలకు వ్యాపించుటకు ఇట్టి బోధనయే ఆధారము. 1972లో ఆఫ్రికాలో ఫిల్‌పాట్, కాసిల్ అనువారు కాన్పు పురోగతిని గంటగంటకు ఒక కాగితముపై గీతగా గుర్తించు పద్ధతిని చూపిరి. గీత హద్దు దాటినచో రోగిని పెద్ద ఆసుపత్రికి పంపవలెను. చదువు కొద్దిగాగల నర్సుకును ఇది సాధ్యము.

ఆస్పత్రి లేని చోట్ల వ్యాధి నిలిచియే యుండెను. కాథరిన్ హామ్లిన్, రెజినాల్డ్ హామ్లిన్ దంపతులు 1959లో ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాకు వెళ్లి, దినములకొలది నడచి వచ్చిన ఫిస్టులా రోగులను చూచి, అచ్చటనే నిలిచిపోయిరి. 1974లో వారు కేవలము ఈ వ్యాధికే ఆసుపత్రిని స్థాపించిరి. భర్త 1993లో మరణించినను ఆమె కృషి ఆగలేదు. 2020 మార్చిలో ఆమె కన్నుమూసెను. ఆ ఆసుపత్రిలో స్వస్థత పొందిన స్త్రీలలో కొందరు అచ్చటనే పరిచారికలైరి.

ఆఫ్రికా అనుభవమువలన మరి రెండు పాఠములు స్థిరపడినవి. కాన్పైన కొద్ది దినములలోనే గుర్తించిన చిన్న రంధ్రములలో కొన్ని, గొట్టము ద్వారా మూత్రాశయమును కొన్ని వారములు ఖాళీగా నుంచినచో శస్త్రము లేకయే పూడునని నైజీరియాలో పనిచేసిన వాల్‌డైక్ చూపెను. శస్త్రచికిత్స పిదప గొట్టమును ఎన్ని దినములు ఉంచవలెనను ప్రశ్నకు 8 ఆఫ్రికా దేశములలో జరిగిన పరిశీలన 2015లో సమాధానమిచ్చినది. సామాన్యమైన రంధ్రములకు 7 దినములును 14 దినములును సమానముగానే ఫలించినవి. గొట్టమున్న ప్రతి దినమును రోగికి బాధ గనుకను, ఆసుపత్రిలో ఒక మంచము గనుకను ఈ 7 దినముల మిగులు చిన్నది కాదు.

నేటి స్థితి

భారతదేశమున 1992-93లో కాన్పులలో సుమారు నాల్గవ వంతు మాత్రమే ఆసుపత్రులలో జరిగినవని జాతీయ కుటుంబారోగ్య సర్వే తెలిపినది. 2019-21 నాటికి అది నూటికి 88.6కు చేరినది. కాన్పు వలన కలుగు ఫిస్టులా అందువలన చాలవరకు తగ్గినది. కాని వ్యాధి పోలేదు, దారి మార్చుకొన్నది. నేడు గర్భాశయమును తొలగించు శస్త్రచికిత్సయే దీనికి ముఖ్య కారణములలో ఒకటి.

ఈ విషయమున తెలుగు రాష్ట్రములు ప్రత్యేకముగా ఆలోచింపవలసియున్నది. 2015-16 సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయమును తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి ముగ్గురు మాత్రమే కాగా, ఆంధ్రప్రదేశమున తొమ్మండుగురకును, తెలంగాణమున ఎనమండుగురకును దగ్గరగా నుండిరి. దేశమున ఈ రెండే ఈ లెక్కలో ముందున్నవి. అవసరము లేని శస్త్రచికిత్సను మానుటకంటె ఫిస్టులాకు మించిన నివారణ లేదు. అవసరమైనప్పుడు వైద్యుడు పాటింపవలసిన జాగ్రత్తలు తెలిసినవే: మూత్రాశయమును ముందుగా ఖాళీచేయుట, దానిని గర్భాశయమునుండి బలవంతముగా త్రోయక సరియైన పొరలో నేర్పుగా వేరుచేయుట, మూత్రనాళములను కంటితో గుర్తించుట, సందేహము కలిగినచో రంగునీటితో అప్పుడే పరీక్షించుట. పూర్వము సిజేరియను జరిగిన స్త్రీలకు మూత్రాశయము మచ్చకు అంటుకొని యుండును గనుక మరింత జాగ్రత్త కావలెను. చిల్లు అప్పుడే కనబడినచో అప్పుడే కుట్టవచ్చును. కనబడక మిగిలినదే ఫిస్టులాయగును. గర్భాశయము ప్రక్కనే మూత్రాశయమున్నదను సుశ్రుతుని మాటకు నేటి శస్త్రశాలలోను పనియున్నది.

మూత్రము ఆగకుండుట పాపఫలమనియు, చెప్పుకొనరానిదనియు తలచి స్త్రీలు ఏండ్ల తరబడి దాచుకొనుట ఇంకను పూర్తిగా పోలేదు. ఇది మానదగిన వ్యాధి. మాన్పుటకు వలయు విద్య నాలుగు శతాబ్దముల శ్రమతో సిద్ధమైనది. ఊరు విడిచి అన్యభాషా ప్రాంతములలో స్థిరపడిన కుటుంబములలో, స్థానిక భాష రాని వృద్ధ స్త్రీలు వైద్యునితో ఈ బాధను చెప్పుకొనలేక మరింత ఒంటరివారగుదురు. అట్టివారి వెంట ఆసుపత్రికి వెళ్లి, వారి మాటను వైద్యునికి చేరవేయు బాధ్యత ఇంటివారిది, ఇరుగుపొరుగు తెలుగువారిది. అనార్కాకు ముప్పది మారులు పట్టిన చికిత్స నేడు సామాన్యముగా ఒక్క మారుతో ముగియుచున్నది. ఆసుపత్రి గడపవరకు రోగిని చేర్చుటయే మిగిలియున్న పని.